నోరులేనివారి పక్షమున నిలిచిన విల్బర్‌ఫోర్సు

ధ్యాన భాగములు: సామెతలు 12:10; 31:8, 9. ద్వితీయోపదేశకాండము 22:6, 7. మత్తయి 10:29–31, 23:37.



ఈ మాసము మన ధ్యానమునకు తీసికొనిన చరిత్ర ఇంగ్లండు దేశపు పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్సు గారిది. ఆయన పేరు మన సంఘములకు క్రొత్తది కాదు. బానిసల వ్యాపారమును మాన్పించిన దైవజనుడని మన సండేస్కూలు పిల్లలును చెప్పగలరు. అయితే ఆయన జీవితములోని రెండు సంగతులు మన ప్రసంగములలో అరుదుగా వినబడును. మిషనరీలు మన దేశములోనికి వచ్చుటకు చట్టరీత్యా త్రోవ తీయించినవారిలో ఆయన ముఖ్యుడు. అంతేగాక, గొడ్డును గుర్రమును క్రూరత్వమునుండి కాపాడుటకై ఇంగ్లండులో ఏర్పడిన తొలి సంఘములలో ఒకదానిని స్థాపించినవారిలోను ఆయన యొకడు.

ఈ రెండవ సంగతిని మేము ఇప్పుడు ఎత్తుకొనుటకు కారణము మన కన్నుల యెదుటనే యున్నది. గుడివాడ మొదలు హనుమాన్ జంక్షన్, నూజివీడు వైపునకు బస్సులో పోవువారికి పొలముల మధ్య పొడవైన రేకుల షెడ్లు కనబడుచుండును. వాటిలో ఇనుపతీగెల కేజీలలో వేలకొలది పెట్టలు గుడ్లు పెట్టుచున్నవి. ఆ గుడ్లు లారీలకెక్కి బెంగాలు, అస్సాము వరకు పోవుచున్నవి. మన సంఘస్థులలో అనేక కుటుంబములు అట్టి షెడ్లలో దాణా వేసి, గుడ్లు ఏరి, పెంట ఎత్తి జీవనము చేసికొనుచున్నవి. కొందరికి సొంత షెడ్లును కలవు. ఆదివారము మందిరములో కోడిని గూర్చిన వాక్యము విని, సోమవారము తెల్లవారుజామున ఆ షెడ్డులోనికి అడుగుపెట్టువానికి హృదయములో ఒక ప్రశ్న పుట్టుట సహజమే. దానికి ఒక్కమాటలో జవాబు చెప్పుటకంటె, ఒక విశ్వాసి అట్టి ప్రశ్నను జీవితకాలమంతయు ఎట్లు మోసెనో చూచుట మేలని మాకు తోచినది.

విల్బర్‌ఫోర్సు 1759 ఆగస్టు 24న హల్ అను ఓడరేవు పట్టణములో వర్తకుల యింట పుట్టెను. బందరు వలెనే హల్ కూడ సముద్రపు సరుకు మీద బ్రతికిన ఊరు. 1768లో తండ్రి చనిపోగా పిల్లవానిని లండను దగ్గర వింబుల్డనులో నున్న తండ్రి సోదరుని యింటికి పంపిరి. ఆ దంపతులు భక్తిపరులు. వారి యింట పిల్లవానికి ప్రార్థనయు వాక్యమును అలవాటయ్యెను. తల్లి యిది విని భయపడెను. కొడుకు మెథడిస్టులలో కలిసిపోవునేమోయని పరుగున వచ్చి వెనుకకు తీసికొనిపోయెను. తరువాత విందులును నాటకములును పేకాటయు ఆ భక్తిని మెల్లగా తుడిచివేసినవి.

కేంబ్రిడ్జిలో ఆయన చదివినది తక్కువ, స్నేహితులతో గడిపినది ఎక్కువ. పెద్దల ఆస్తి చేతికి వచ్చెను. 1780లో 21 యేండ్ల ప్రాయమున హల్ నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యెను. ఆ ఎన్నికకు ఆయన ఖర్చు ఎనిమిది వేల పౌండ్లకు మించెను. ఓటుకు డబ్బు పంచుట మన కాలములో పుట్టిన పాపమని అనుకొనువారు ఈ సంగతి గమనింపవలెను. 1784లో యార్క్‌షైరు అను పెద్ద జిల్లా ఆయనను తన సభ్యునిగా ఎన్నుకొనెను. అప్పటికే ఆయన ప్రాణస్నేహితుడు విలియం పిట్, ఇరువదినాలుగేండ్లవాడు, దేశమునకు ప్రధానమంత్రియై యుండెను. విల్బర్‌ఫోర్సు పొట్టివాడు, బక్కపలుచనివాడు, చూపు మందము. గొంతు మాత్రము ఎంతో మధురమైనది. ఆయన మాట్లాడుచుండగా ఆ చిన్న ఆకారము పెరిగినట్లు కనబడెనని వినినవారు వ్రాసిరి.

1784లోను 1785లోను ఆయన ఐజక్ మిల్నరు అను విద్వాంసునితో యూరపు ప్రయాణము చేసెను. బండిలో పొద్దుపుచ్చుటకు ఇరువురును ఫిలిప్ డాడ్రిడ్జి వ్రాసిన భక్తి గ్రంథము నొకటి చదివిరి. తరువాత గ్రీకు క్రొత్త నిబంధన తెరచిరి. ఆ చదువు ఆయన మనస్సాక్షిని విడువలేదు. ధనము, కాలము, మంచి గొంతు, వీటన్నిటిని ఊరకే ఖర్చుచేసితినని ఆయన కుమిలిపోయెను. 1785 డిసెంబరులో లండనులో జాన్ న్యూటను అను పాదిరిగారిని రహస్యముగా చూడబోయెను. తలుపు తట్టుటకు ధైర్యము చాలక ఆ వీధి చదరము చుట్టు ఒకటి రెండు సార్లు తిరిగెనట. న్యూటను గారు పూర్వము బానిసలను మోసిన ఓడకు కెప్టెను. తన పాపమును ఎరిగినవాడు. రాజకీయములు విడిచి బోధకుడు కావలెనని వచ్చిన యువకునికి, ఉన్నచోటనే యుండి దేవుని సేవ చేయుమని ఆయన బుద్ధి చెప్పెను. బోధపీఠము మీద నిలుచుటయే సేవ యనుకొను మనవారికి ఈ సలహా నేటికిని పనికివచ్చును. దాణా బస్తా మోయువాడును, షెడ్డు లెక్కలు వ్రాయు గుమస్తాయు తానున్న చోటనే దేవునికి లెక్క చెప్పవలసినవారు.

ఇక బానిసల వ్యాపారము. దానిని కొంచెము విపులముగా చెప్పెదము, ఏలయనగా మన తీరమునకును దానితో సంబంధము కలదు. ఇంగ్లండు ఓడలు సరుకుతో ఆఫ్రికాకు పోయి, ఆ సరుకిచ్చి మనుష్యులను కొని, అట్లాంటిక్ సముద్రము దాటించి చక్కెర తోటలకు అమ్ముచుండెను. ఆ మారకపు సరుకులో మన దేశపు నేతబట్టలు ముఖ్యమైనవి. కోరమాండల్ తీరమున నేసి, అద్దకము వేసిన గుడ్డలు లండను, ఆమ్‌స్టర్‌డాము చేరి, అక్కడనుండి ఆఫ్రికా తీరమునకు పోయి మనుష్యుల వెలగా చెల్లించబడెను. నేసినవానికి ఆ గుడ్డ ఎక్కడకు పోవునో తెలియదు. కూలి దొరికినదా లేదా అనునదే వానికి తెలిసినది.

1787లో థామస్ క్లార్క్‌సను మొదలైనవారు లండనులో ఒక కమిటీగా కూడిరి. పార్లమెంటులో మాట్లాడు బాధ్యతను విల్బర్‌ఫోర్సు వహించెను. క్లార్క్‌సను గుర్రమెక్కి ఓడరేవులన్నిటిని తిరిగి, సంకెళ్లు, నావికుల సాక్ష్యములు పోగుచేసెను. వారు చేసిన పనులలో అందరి మనస్సును పట్టినది ఒక పటము. బ్రూక్స్ అను ఓడలో బానిసలను ఎట్లు పరచియుంచుదురో కొలతలతో గీసి అచ్చువేసిరి. ఒక్కొక్క పురుషునికి ఆరడుగుల నిడివి, ఒక అడుగు నాలుగు అంగుళముల వెడల్పు. అంతే. ఆ పటము సత్రములలోను ఇండ్లలోను గోడలకెక్కెను. వాదములు వినని వారు కూడ కొలత చూచి నిలిచిపోయిరి.

1789 మే నెలలో విల్బర్‌ఫోర్సు సభలో మూడు గంటలకు మించి మాట్లాడెను. 1791లో ఓటు తీయగా 88 మంది ఆయన వైపు, 163 మంది ఎదురు. 1792లో సభ ఒప్పుకొనెను గాని, క్రమక్రమముగా అను మాటను చట్టములో చొప్పించి దానిని చంపివేసెను. 1796లో నాలుగే ఓట్ల తేడాతో ఓడెను. ఆయన పక్షమువారిలో కొందరు ఆ రాత్రి క్రొత్త సంగీత నాటకము చూడబోయిరి! ఆ వేళ ఆయన పడిన వేదన చెప్పనలవి కాదు. జబ్బుపడి మంచము పట్టెను. ఇంతలో ఊళ్లలో ప్రజలు వేరొక పని చేయుచుండిరి. బానిసలు పండించిన చక్కెరను మూడు లక్షల మంది మానివేసిరని క్లార్క్‌సను అంచనా వేసెను. ఇందులో స్త్రీలే ముందుండిరి, ఏలయనగా చక్కెర కొనునది వారే. ఎట్టకేలకు 1807లో 283 మంది అనుకూలముగాను 16 మంది ప్రతికూలముగాను ఓటు వేయగా బానిసల వ్యాపారము నిషేధింపబడెను. సభ్యులు లేచి ఆయనను గౌరవించుచుండగా ఆయన తల వంచుకొని కన్నీరు విడిచెను.

ఇచ్చట ఒక మాట చెప్పక ముందుకు పోలేము. ఓడలోని మనుష్యుని కొలతయు కేజీలోని కోడి కొలతయు ఒకటేయని ఎవరైన చెప్పినయెడల మేము ఒప్పుకొనము. మన తాతముత్తాతలను గొడ్లతో సమానముగా ఎంచి, చెరువు నీళ్లు ముట్టనీయని దినములు మనకు జ్ఞాపకమున్నవి. మనుష్యుని పశువుతో పోల్చుట ఎంత గాయము చేయునో మన ప్రజలకు ఇతరులు నేర్పనక్కరలేదు. మన ప్రభువు కూడ అనేకమైన పిచ్చుకలకంటె మనము శ్రేష్ఠులమని చెప్పెను. అయితే ఆ మాట చెప్పుటకు ముందు ఆయన ఏమి చెప్పెనో చూడుడి. కాసునకు అమ్ముడుపోవు పిచ్చుకలలో ఒకటైనను తండ్రి ఎరుగకుండ నేలబడదని చెప్పెను. మనుష్యుని విలువ పెంచుటకు ఆయన పిచ్చుక విలువ తగ్గింపలేదు.

విల్బర్‌ఫోర్సు కూడ అట్లే నడిచెను. బానిసల పని తలమీద నుండగనే, ఎద్దును కట్టి కుక్కల నుసికొల్పు వినోదమును మాన్పవలెనని 1800లో వచ్చిన బిల్లును ఆయన కోరెను. అది రెండు ఓట్ల తేడాతో పోయెను. 1802లో మరల వచ్చినప్పుడు ఆయన లేచి మాట్లాడెను. అదియును ఓడెను. ఎదుటి పక్షమున విండ్‌హాము అను సభ్యుడు ఒక గట్టి ఆక్షేపణ తెచ్చెను. పేదవాని వినోదమును నేరముగా చేయుచు, ధనవంతుడు గుర్రమెక్కి నక్కను తరిమి చంపు వేటను ముట్టుకొనరేమని ఆయన అడిగెను. ఆ ఆక్షేపణలో నిజము కలదని మా అభిప్రాయము. విల్బర్‌ఫోర్సు గారి గుడ్డితనము ఆ దిక్కుననే యుండెను. కూలివారు జీతము కొరకు సంఘములుగా కూడుటను నిషేధించిన చట్టములను ఆయన బలపరచెను. దూరదేశపు బానిస కన్నీరు కనబడిన కన్నులకు తన ఊరి మిల్లు కూలివాని ఆకలి అంతగా కనబడలేదు. పరిశుద్ధుల చరిత్ర వ్రాయునప్పుడు ఇట్టివి దాచుట మంచిది కాదు. బైబిలు దావీదును దాచలేదు.

ఒకనాడు బాత్ పట్టణము దగ్గర కొండదారిలో ఒక బండివాడు పడిపోయిన గుర్రమును తన్నుచు కొట్టుచుండగా ఆయన చూచి అడ్డుపోయెనని చరిత్రకారులు చెప్పుదురు. బండివాడు కోపముతో తిట్టుటకు తిరిగెను. ప్రక్కనున్న రెండవ బండివాడు చెవిలో ఆ పెద్దమనిషి పేరు చెప్పగా, వాని ముఖములో కోపము పోయి ఆశ్చర్యము వచ్చెనట.

1813 మన దేశమునకు గొప్ప సంవత్సరము. అంతకు ముందు ఈస్టిండియా కంపెనీవారు తమ వర్తకమునకు భంగము కలుగునని మిషనరీలను రానిచ్చెడివారు కారు. విలియం కేరీ గారు 1800లో కంపెనీ ఏలుబడి విడిచి డేనులది యగు శ్రీరాంపురములో నిలువవలసి వచ్చెను. 1793లో విల్బర్‌ఫోర్సు ప్రయత్నించి ఓడెను. ఇరువదేండ్లు ఆగి, కంపెనీ పట్టా మరల పార్లమెంటుకు వచ్చినప్పుడు సంఘములచేత ఎనిమిది వందలకు మించిన అర్జీలు పెట్టించెను. త్రోవ తెరువబడెను. 1799లో స్థాపింపబడిన చర్చి మిషనరీ సొసైటీకి ఆయన ఉపాధ్యక్షుడు. ఆ సొసైటీయే 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను ఇరువురిని బందరునకు పంపెను.

ఇప్పుడు పశువుల సంగతికి వత్తము. 1822లో ఐర్లండు వాడైన రిచర్డు మార్టిను అను సభ్యుడు పట్టుదలతో ఒక చట్టము నెగ్గించెను. గుర్రములను, గొడ్లను, గొర్రెలను క్రూరముగా కొట్టువానికి జుల్మానా. చట్టము వచ్చెను గాని అమలుపరచువారు లేరు. 1824 జూన్ 16న లండనులో ఒక కాఫీ హోటలులో కొందరు కూడిరి. వారిని పిలిచినవాడు ఆర్థర్ బ్రూము అను ఆంగ్లికన్ పాదిరి. విల్బర్‌ఫోర్సు అప్పటికి 64 యేండ్లవాడు, వెన్ను వంగినవాడు. అయినను ఆయన ఆ కమిటీలో పేరిచ్చెను. బ్రూము గారు తన గురుత్వపు జీతము విడిచి ఈ పనికి పూనుకొనెను. బజారులలో చూచుటకు మనుష్యులను పెట్టెను. జీతములు, కోర్టు ఖర్చులు పెరిగి సంఘము అప్పులపాలయ్యెను. ఆ అప్పునకు బాధ్యుడని 1826లో పాదిరిగారినే చెరసాలలో వేసిరి! మార్టిను, లూయిస్ గొంపెర్ట్జు అను యూదుడు మొదలైనవారు అప్పు తీర్చి విడిపించిరి. తరువాత కాలములో రాణి విక్టోరియా పేరు ఆ సంఘమునకు తోడయ్యెను. బ్రూము గారు మాత్రము 1837లో ఎవరికిని తెలియని స్థితిలో చనిపోయెను.

1822 చట్టములో కోడి పేరు లేదు. కుక్క పేరును లేదు. పెద్ద పశువుల తరువాతనే చిన్నవాటి సంగతి తలచిరి. 1835లో చట్టమును విస్తరించినప్పుడు కోడిపందెములకు చోటు నడుపుట నేరమాయెను. మన కృష్ణా జిల్లాలోను గోదావరి జిల్లాలలోను చట్టము నిషేధించినను, సంక్రాంతి మూడు దినములు పుంజు కాలికి కత్తి కట్టుట మానలేదని అందరెరిగినదే. మన యువకులు కొందరు ఆ బరుల చుట్టు నిలుచుచున్నారని చెప్పుటకు విచారించుచున్నాము.

ఇంగ్లండులో పుట్టిన ఆ చట్టపు వేరు మన దేశములో 1890లో మొలిచెను. స్వాతంత్ర్యము తరువాత రుక్మిణీదేవి అరండేలు గారు రాజ్యసభలో పట్టుబట్టగా, 1960లో పశువులయెడల క్రూరత్వ నివారణ చట్టము వచ్చెను. ఆ చట్టపు 11వ సెక్షనులో ఒక మాట కలదు. ఏ జంతువునైనను కదలుటకు తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరములో పెట్టుట నేరము. చట్టమునందు కోడియు జంతువే.

ఇప్పుడు కొలత చూతము. పటము గీసినవారి పద్ధతి మంచిది గనుక మేమును కొలతయే చెప్పుచున్నాము. కేజీలో ఒక్కొక్క పెట్టకు దొరకు చోటు ఎక్కువగా 450 చదరపు సెంటీమీటర్లు, లేదా అంతకంటె తక్కువ. బడిపిల్లలు పరీక్ష వ్రాయు తెల్లకాగితము 620 చదరపు సెంటీమీటర్లు. అనగా కోడి బ్రతుకంతయు కాగితములో నాలుగింట మూడు వంతుల మీద గడచును. రెక్కలు చాపిన పెట్టకు రెండడుగులకు పైగా వెడల్పు కావలెను. కేజీలో ఒక రెక్కయైనను పూర్తిగా విప్పలేదు. క్రింద నేల లేదు, తీగెలే. ఆ తీగెలు వాలుగా నుండుటచేత గుడ్డు పెట్టినవెంటనే ముందుకు దొర్లి పోవును.

పెరటిలో పెట్టను పెంచిన మన అమ్మలకు దాని బుద్ధి తెలియును. గుడ్డు వేళకు అది చాటు వెదకును, గాదె క్రిందనో గడ్డివాములోనో దూరును. మధ్యాహ్నము దుమ్ములో పొర్లి ఒళ్లు దులుపుకొనును. సాయంకాలము ఎత్తు మీదికి ఎక్కును. తిండి ఎదుట పోసినను కాలితో గీరక మానదు. కేజీలో వీటిలో ఒకటియు లేదు గాని, వాటి మీద కోరిక చావలేదు. గీరుటకు నేల లేక ఒకదానినొకటి పొడుచుకొనును. అందుకని చిన్నతనముననే కాలిన బ్లేడుతో ముక్కు కొన కత్తిరింతురు. అడవికోడి ఏడాదికి పది పదునైదు గుడ్లు పెట్టును. ఈ లేయరు కోడి మూడు వందలకు మించి పెట్టును. పెంకునకు కావలసిన సున్నము దాని ఎముకలలోనుండియు పోవును. నడకలేని ఎముకలు పెళుసై, కేజీలోనుండి లాగునప్పుడు విరుగుట కద్దు. ఈ జాతిలో పుంజుపిల్ల గుడ్డు పెట్టదు, మాంసమునకును త్వరగా ఎదగదు. కావున పుట్టిన దినముననే చంపబడును.

దీనిని చదివి షెడ్డులో పనిచేయు సహోదరుని మీద వ్రేలు చూపకుడి. కేజీ గీసినది అతడు కాదు. షెడ్డు యజమానియు అనేకచోట్ల బ్యాంకు అప్పులోనే యున్నాడు. మొక్కజొన్న ధర, సోయా ధర పైకి పోవుచుండును, గుడ్డు రేటు అతని చేతిలో లేదు. 2015 మే నెల వడగాడ్పులలో ఆంధ్ర, తెలంగాణ షెడ్లలో లక్షలాది కోళ్లు చచ్చినప్పుడు రేకుల మీద నీళ్లు చల్లుచు రాత్రింబగళ్లు నిలిచినవారు ఆ కూలివారే. గుడ్డు వలన మేలును కలదు. మన బడిపిల్లల మధ్యాహ్న భోజనములోను అంగన్వాడీలోను పెట్టు గుడ్డు అనేక పేద బిడ్డలకు బలము. గుడ్డు తినవద్దని మేము చెప్పుటలేదు. ధర్మశాస్త్రము కూడ గుడ్డు తీసికొనవద్దని చెప్పలేదు. ద్వితీయోపదేశకాండములో పక్షి గూడు కనబడినయెడల గుడ్లను పిల్లలను తీసికొనుటకు సెలవిచ్చి, తల్లిని విడిచిపెట్టుమని గిరి గీసెను. దేవుడు ఆ గిరిని మనుష్యుని కడుపునకును తల్లిపక్షి ప్రాణమునకును మధ్య గీసెను. పాలస్తీనాలో చెట్టు మీది గూటికి గీసిన ఆ గిరి నేటి షెడ్డులో ఎక్కడ పడవలెనో మన పెద్దలు ఆలోచింపవలసియున్నది.

మార్గము లేదనుట సరికాదు. యూరపు యూనియను దేశములలో ఇట్టి వట్టి కేజీలు 2012 జనవరి 1 నుండి నిషిద్ధము. మన దేశపు లా కమిషను 2017లో ఇచ్చిన 269వ నివేదికలో కోళ్ల పెంపకమునకు క్రొత్త నియమములు సూచించెను. కేజీలు రాకముందు మన ప్రాంతములోనే కోళ్లను నేలమీద వరి ఊక పరచి పెంచిరి. ఊకకు మన డెల్టాలో కొదువ లేదు. ఊక మీద కోడి గీరును, పొర్లును. గుడ్లకు గూళ్లు, ఎక్కుటకు కఱ్ఱలు పెట్టవచ్చును. అయితే ఆ పద్ధతిలో చోటు ఎక్కువ కావలెను, పని ఎక్కువ, ఊక తడిసినయెడల జబ్బులు వచ్చును, గుడ్డుకు ఖర్చు పెరుగును. ఆ పెరిగిన ఖర్చును రైతు నెత్తినే వేసి కొనువారు తప్పించుకొనుట న్యాయము కాదు. చక్కెర మానిన ఇల్లాండ్రకు ఖర్చు ఎవరు భరింపవలెనో తెలిసియుండెను.

దూరపు షెడ్ల మాట అట్లుండగా, దివిసీమ గ్రామములలోను ఇతర చోట్లను కోత పండుగనాడు విశ్వాసులు కోళ్లను కానుకగా తెత్తురు. మంచి ఆచారము. అయితే కాళ్లు కట్టి తలక్రిందులుగా వ్రేలాడదీసి, ఆరాధన ముగిసి వేలము పాడువరకు ఎండలో పడవేయుట అనేక మందిరములలో కనబడును. ఒక గంప, దానిలో చారెడు గింజలు, ఒక ముంతెడు నీళ్లు చాలును. కోడి రెక్కల క్రింద పిల్లలను చేర్చుకొనునట్లు యెరూషలేమును చేర్చుకొనగోరితినని ప్రభువు చెప్పిన వాక్యము ఆ దినమున చదువబడుచుండగా, ఆయన తనకు పోలికగా ఎన్నుకొనిన పక్షి గుమ్మములో నోరు తెరచుకొని రొప్పుచుండును. కేజీలో పుట్టిన పెట్టకు పొదుగు బుద్ధియే చాలవరకు తీసివేయబడినది. ఆ షెడ్లలోని పిల్లవానికి ఈ ఉపమానమును చూపి నేర్పుటకు అక్కడ రెక్క చాపిన కోడి లేదు.

విల్బర్‌ఫోర్సు గారి కడపటి దినములు సుఖముగా గడవలేదు. 1825లో పార్లమెంటు విడిచెను. పెద్ద కుమారుడు పాల వ్యాపారము పెట్టి, దానిలో మునిగిపోయెను. తండ్రి ఆ అప్పు తానే వహించి, ఆస్తి దాదాపు అంతయు పోగొట్టుకొనెను. 71 యేండ్ల వయస్సున సొంత యిల్లు విడిచి, పాదిరులైన ఇద్దరు కుమారుల యిండ్లలో మారి మారి కాపురముండెను. పశువుల వ్యాపారములో నష్టపోయిన రైతు కష్టము ఆయనకు ఇతరులు చెప్పనక్కరలేకపోయెను. తాను ప్రేమించిన తోటను, పుస్తకములను విడిచినప్పుడు సణుగుకొనలేదని దగ్గరివారు వ్రాసిరి.

1833 జూలై 26న, బ్రిటిషు వలసలలో బానిసత్వమునే రద్దుచేయు బిల్లు నెగ్గుట ఖాయమని ఆయనకు కబురు వచ్చెను. మూడు దినములకు, జూలై 29న, లండనులో ఒక బంధువు యింట నిద్రించెను. ఎనిమిది లక్షల మంది విడుదలకు త్రోవ ఏర్పడెను. ప్రభుత్వము రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారము ఇచ్చెను గాని, అది యజమానులకే. బానిసలకు ఒక కాసు ఇయ్యలేదు. వెస్ట్‌మినిస్టరు ఆబేలో స్నేహితుడు పిట్ సమాధి దగ్గరనే ఆయనను ఉంచిరి.

ఆ 1833 చట్టములో మన దేశము చేరలేదు. కంపెనీ ఏలుబడిలోని బానిసత్వమును ఇక్కడి కోర్టులు గుర్తింపరాదని 1843లో 5వ చట్టము వచ్చెను. ఆ సంవత్సరమే బందరులో నోబుల్ గారి పాఠశాల తెరువబడెను.